ఎర్ర శాలువాయన గామెకు ఏమైతడు?

మొన్న మా మనవరాలికి కొరియర్‌లో ఒక పుస్తకం వచ్చింది. ఇటుక మందాన ఉంది. అట్ట మీది బొమ్మ చూడగానే చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. భుజాల మీద ఎర్ర శాలువ ఎగురుతున్న మనిషి ఒకడు, అతనికి ఎదురుగా సగం ఒళ్లు పొగైపోయిన ఆడమనిషి ఒకామె, ఇద్దరి వెనకా చెరో గుంపు.

"పాత క్లాసిక్ తాతా ఇది. రెండు వేర్వేరు సూపర్ హీరోల టీములు ఒకే కథలో కలుస్తాయి. ముందు కొట్లాడుకుంటారు, తర్వాత ఒకటవుతారు. అప్పట్లో రెండు పుస్తకాలుగా వచ్చిందట, ఇప్పుడు కలిపి వేశారు" అని నాకు విడమరిచి చెప్పింది. నాకే చెప్పింది! అందులో మొదటి పుస్తకం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. రెండో దాని కోసం నేను ఎన్ని పల్లీ పొట్లాలు కొన్నానో దానికేం తెలుసు.

నిజానికి నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కడుపులో పాత మంట ఒకటి లేచింది. బొమ్మ చూడగానే నాకు గుర్తొచ్చింది కథ కాదు, వాడు. వాడి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇందులో కూడా వాడే హీరో అయి కూర్చుంటాడు.

మాది దేవరకొండకు దగ్గరి ఊరు. మిద్దె ఎక్కితే ఖిల్లా కనిపించేది. అన్నీ మెట్ట చేలు. జొన్న, ఆముదం, పల్లికాయ తప్ప వేరే పంట ఎరగం. మా బాపు దేవరకొండ బడిలో గుమస్తా, సైకిల్ మీద పోయి వచ్చేవాడు. మా ఇంట్లో అట్ట చిరిగిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఉండేది. ఊళ్లో ఇంకెవరింట్లోనూ అలాంటిది లేదు. దాన్ని చూసుకుని నేను కాస్త ఎక్కువే మిడిసిపడేవాణ్ని.

వాడిది గొర్ల మంద ఉన్న ఇల్లు. ఎండాకాలం వాళ్ల నాయిన మందను తోలుకుని అచ్చంపేట దాటి నల్లమల వైపు పోయేవాడు. చిన్నాయిన ఒగ్గు కథలు చెప్పేవాడు. వాడు మాత్రం బడికి వచ్చిన రోజు వచ్చేవాడు, రాని రోజు ఇంటి దగ్గర మిగిలిన మేకల వెంట ఉండేవాడు. ఒంటి మీద ఎప్పుడూ గొంగడి వాసన. నా పక్కనే కూర్చునేవాడు, నా పలక మీద చూసి రాసేవాడు. అంతవరకు నాకు వాడంటే ఏ కష్టమూ లేదు.

దేవరకొండ బస్టాండు దగ్గర మేమంతా చిచ్చా అని పిలిచే ఒకాయనకు పాత కాగితాల దుకాణం ఉండేది. పట్నం నుంచి తూకానికి కాగితాలు తెప్పించి, ఇంటిల్లిపాదీ కూర్చుని పొట్లాలు చేసి, పల్లీల బండ్లకూ మిర్చీ బండ్లకూ అమ్మేవాళ్లు. దుకాణంలోకి అడుగు పెడితే పాత కాగితం వాసన, పొట్లాలంటించే మైదా లై వాసన కలిసి ముక్కుకు తగిలేవి. ఆ కట్టల్లో అప్పుడప్పుడు రంగు బొమ్మల ఇంగ్లీషు పుస్తకాలు వచ్చేవి. బాపు ఒకసారి నాకు అందులోంచి ఒకటి ఇప్పించాడు. అదే ఈ ఎర్ర శాలువాయన పుస్తకం. నిఘంటువు ముందేసుకుని మాటకు మాట వెతికి చదివాను. ఆఖరి పేజీలో రెండు గుంపులూ ఒకదాని మీదికి ఒకటి దూకుతుంటే కథ ఆగిపోయింది. మిగతాది రెండో పుస్తకంలో ఉందట.

మర్నాడే బాపు సైకిల్ వెనక కూర్చుని దుకాణానికి పోయాను.

"అరే బేటా, గది నిన్ననే పొట్లాలైపాయె. బండ్లోళ్లు కొండవోయిండ్రు" అన్నాడు చిచ్చా. తర్వాత నా మొహం చూసి జాలిపడి, "ఫికర్ చెయ్యకు. పోయి పల్లీలు కొను, దొరుకుతదేమో" అని నవ్వాడు.

ఆయన తమాషాకు అన్నాడు. నేను నిజమనుకున్నాను. అప్పటి నుంచి చేతిలో చిల్లర పడితే చాలు, పల్లీలు కొని జేబులో పోసుకుని పొట్లం విప్పి చూసేవాణ్ని. పరీక్ష పేపర్లు వచ్చేవి, ఉర్దూ పత్రికలు వచ్చేవి, ఎవరి పెళ్లి పత్రికో వచ్చేది. ఎర్ర శాలువ మాత్రం రాలేదు.

సరే, ఉన్న సగం కథైనా నలుగురికీ చెబుదామనుకున్నాను. ఎండాకాలం చివర, వానలకు ముందు, విత్తనానికి పల్లికాయ వలిచే రోజులవి. మధ్యాహ్నం గట్క, పచ్చిపులుసు తిని మా వాడ ఆడవాళ్లంతా మా వాకిట్లో వేపచెట్టు నీడకు చేరేవాళ్లు. వాళ్లందరికీ మా అవ్వ పెద్ద. పెరట్లో ఆముదం ఉడుకుతుంటే ఆ చిక్కటి వాసన ఇంటిని పట్టుకుని వదిలేది కాదు. నేను పుస్తకం పట్టుకుని వాళ్ల మధ్య కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఇది మన భూమి కాదు, మన భూమిలాంటివే ఇంకో రెండు భూములు, రెంటి సూర్యుళ్లనూ ఎవరో దొంగిలించారు అని చెప్పాను.

"ఆగాగు కొడుకా" అంది అవ్వ బొమ్మలోకి వంగి చూస్తూ. "గీ ఎర్ర శాలువాయన గామెకు ఏమైతడు?"

"ఏం గాడవ్వా."

"ఏం గానోడు గామె ఇంటి మీదికి ఎందుకొచ్చిండు మరి?"

"వాళ్లది ఒక టీము, వీళ్లది ఒక టీము."

"టీమంటే?"

"అందరు కలిసి పని చేస్తరు."

"మరి కూలెవలిస్తరు?" అంది ఎదురింటి అత్త. అందరూ గొల్లున నవ్వారు.

ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ల తప్పేమీ లేదు. మా ఊళ్లో వరస లేని మనిషి లేడు. కుండలు చేసే ఆమె నాకు పెద్దమ్మ, బట్టలు కుట్టే సాయబు మా బాపుకు బావ. కులం వేరైనా, మతం వేరైనా వరస పెట్టి పిలవకపోతే మనిషిని పిలిచినట్టు కాదు. ఏమీ కాని వాళ్లంటే పోలీసులు, లేకపోతే గాజులమ్మే వాళ్లు. అలాంటప్పుడు ఒకరికొకరు ఏమీ కాని ఇంతమంది ఒకచోట చేరి ఎందుకు కొట్లాడుకుంటున్నారో వాళ్లకు ఎలా అర్థమవుతుంది? అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఒకామె కోళ్లను అదిలించడానికి లేచింది. ఇంకొకామె ఆవులించింది.

వాడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "ఇటియ్యిరా" అని నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. వాడికి ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. రెండు పేజీలు తిప్పి చూసి, అక్కడే ఉన్న రేకు డబ్బా మీద రెండు దెబ్బలు వేసి, వాళ్ల చిన్నాయిన గొంతుతో ఎత్తుకున్నాడు.

"ఎవలనుకున్నవవ్వా గీయినను? గామెకు మ్యానబావ!"

"గట్ల చెప్పు మరి" అంది అవ్వ. పల్లికాయ ముందుకు లాక్కుని సర్దుకు కూర్చుంది.

"బావయితే కొట్లాటకెందుకొచ్చిండురా?" ఎదురింటి అత్త అడిగింది.

"గీ పొగమ్మోళ్ల అక్క పెండ్లి. పిల్లకు మ్యానమామ ఎవలు? గీయన నాయిన. ఊరంతటికి బొట్టు వెట్టి చెప్పిండ్రు. మ్యానమామకు మాత్రం ఎవలితోనో నోటిమాట చెప్పి పంపిండ్రు."

వలిచే చేతులన్నీ ఆగిపోయాయి. "అయ్యో! మ్యానమామ రాకుంటే పిల్లను గంపల ఎవలు తెస్తరు?" అంది ఒకామె. "నోటిమాటకు పోతరా ఎవలన్న? నేను పోలే. మా అన్న గిట్లనే చేసిండు, గియ్యాల్టికి గడప తొక్కలే" అని ఎదురింటి అత్త తన కథ ఎత్తుకుంది. ఆమె కోపం చల్లారేదాకా పొగమ్మ, ఎర్ర శాలువాయన గాల్లోనే ఆగి ఉన్నారు. తర్వాత వాడు పేజీ తిప్పాడు. సూర్యుళ్లను దొంగిలించిన పెద్ద తల రాక్షసుడు వచ్చాడు. మావాడి లెక్కలో ఆ రాక్షసుడు పెండ్లి కుదిర్చిన మధ్యవర్తి. అక్కడి మాట ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ చెప్పి ఇద్దరి మధ్యా పుల్లలు పెట్టాడు. ఆడవాళ్లంతా ఆయన్ను నోరారా తిట్టారు.

ఆ సాయంత్రం అవ్వ బొబ్బర్లు ఉడికించి గుడాలు చేసింది. ఉల్లిగడ్డ కోసి కలిపి, ముందు వాడికి దోసిలి నిండా పెట్టింది. "తిను బిడ్డా, గొంతెండి ఉంటది" అంది. నేనూ మాట్లాడాను కదా, నాకు గొంతు లేదా? అడుగున మిగిలినవి నాకు వచ్చాయి. ఆ గుడాల రుచి నాకు తెలియదు. నేను వాడి దోసిలిలో ఎన్ని ఉన్నాయో చూస్తూ తిన్నాను.

రోజూ అదే జరిగేది. పల్లికాయ వలవడానికని వేరే వాడల వాళ్లు కూడా మా వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు. చెప్పేది వాడు. నేను పుస్తకం పట్టుకుని నిలబడేవాణ్ని. వాడు డబ్బా మీద కొట్టినప్పుడు పేజీ తిప్పాలి. పుస్తకం నాది, నిఘంటువు నాది, వాకిలి నాది, అవ్వ నాది. ఇన్ని ఉండి నాకు దక్కింది పేజీలు తిప్పే పని. వాడు చెబుతుంటే ఎక్కడ తప్పు చెప్పాడో నాకు తెలుస్తూనే ఉండేది. అన్నీ తప్పులే. అయినా తర్వాత ఏమవుతుందో వినాలని నాక్కూడా ఉండేది. అదే నన్ను ఎక్కువ కాల్చేది.

నేనూ ఒక ప్రయత్నం చేశాను. వాడు మేకల వెంట పోయిన ఒక రోజు, నేనే వరసలు కలిపి చెబుతానన్నాను. గుంపులో ఇనుప కాళ్ల మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన్ను మొదట పొగమ్మకు మరిది చేశాను. కథ ఊపులో కాస్త ముందుకు పోయాక, ఆయనే ఆమెకు అన్న అన్నాను.

అవ్వ చేతిలో పల్లికాయ కింద పడేసింది. "వావి తప్పిన కథ చెప్తవేందిరా! పొద్దుగాల మరిది, పొద్దూకితే అన్ననా?"

"గా పిలగాడు రానియ్యి. రేపు విందాం తియ్యి" అంది ఎదురింటి అత్త. నాకు తల తీసేసినట్టయింది.

వాడితో దోస్తానీ మానేశానా అంటే, అదీ లేదు. వాడు లేకపోతే పొద్దు పోదు. విత్తనం కుప్పలోంచి పల్లికాయ కొట్టేసి, వాడి మేకల దగ్గరికి పోయి ఆముదం కట్టెల మంట మీద ఇద్దరం కాల్చుకు తినేవాళ్లం. ఇంటికి రాగానే అవ్వ మా ఇద్దరి చేతులూ వాసన చూసేది. నా చేతులకు కాల్చిన పల్లికాయ వాసన వచ్చేది, వీపు మీద ఒకటి పడేది. వాడి చేతులకు ఎప్పుడూ గొర్ల వాసనే కాబట్టి వాడు దొరికేవాడు కాదు. ఆ గొర్ల వాసన మీద కూడా నాకు ఈర్ష్య కలిగింది.

అలాంటప్పుడు ఒకనాడు మా ఊళ్లో బండి మీద కొన్న మిర్చీ బజ్జీ చుట్టిన కాగితంలో నా అదృష్టం దొరికింది. రెండో పుస్తకంలోని పేజీ. నూనెకు అక్షరాలు అలికిపోయినా బొమ్మ బాగానే ఉంది. ఎర్ర శాలువాయన నేల మీద పడి ఉన్నాడు. తల పొగమ్మ ఒళ్లో ఉంది. కళ్లు మూసుకుపోయాయి. రెండు గుంపులూ చుట్టూ తల వంచుకుని నిలబడ్డాయి. అది చూస్తే నిఘంటువు అక్కర్లేదు. ఆయన చచ్చిపోయాడు.

బజ్జీ పారేసి ఇంటికి పరుగెత్తాను. అందరూ ఉన్నారు, వాడూ ఉన్నాడు. ఆ కాగితం అందరికీ చూపించి గట్టిగా చెప్పాను. "కథ అయిపోయింది. ఎర్ర శాలువాయన సచ్చిపోయిండు!"

అవ్వ మొహం వాడిపోయింది. "పెండ్లింట్ల సావేందిరా" అంది. "గా మ్యానమామ ఏం గావాలె?" అంది ఇంకొకామె. వాళ్ల దిగులు చూసి నాకు లోపల చెప్పలేనంత తృప్తి కలిగింది. ఇప్పుడు కొట్టు డబ్బా, చూద్దాం అనుకున్నాను.

వాడు కాగితం తీసుకున్నాడు. ముందు బజ్జీ వాసన చూశాడు. తర్వాత చాలాసేపు బొమ్మ చూశాడు.

"సావలే అవ్వా. పూనకమొచ్చింది" అన్నాడు. "జుట్టు చూడుండ్రి ఎట్ల ఇరవోసుకున్నడో. సచ్చినోని ముంగట గింత సప్పుడు లేకుంట ఎవలన్న నిలవడతరా? ఏడుస్తరు. గీళ్లు అమ్మ ఏం చెప్తదో అని తల వంచుకొని ఇంటున్నరు."

"ఏం చెప్పిందిరా అమ్మ?" అంది అవ్వ చేతులు జోడించి.

"మీ ఇండ్లల్ల శుభం గావాలంటె పోయి మ్యానమామకు బొట్టు వెట్టి రాండ్రి అన్నది. పొగమ్మ తనే కుంకుమ బరిణె పట్టుకొని పోయింది. మామ లేచి ఎదురొచ్చిండు. పసుపు నీళ్లు చల్లితె గీయన లేసి కూసున్నడు."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు మర్నాడు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఎదురింటి అత్త తలస్నానం చేసి, చేతిలో కుంకుమ బరిణె పట్టుకుని, తన చిన్నకొడుకు పుట్టు వెంట్రుకలకు పిలవడానికి వాళ్లన్న ఇంటికి పోయింది. ఆ గడప ఆమె ఎన్నేళ్ల తర్వాత తొక్కిందో నాకు తెలియదు. వాడు నోటికొచ్చింది చెబితే మనుషులు ఇళ్లలోంచి లేచి పోతున్నారు. నేను నిజం చెబితే ఆవులిస్తున్నారు. అక్షరాలు నేర్చుకుని ఏం లాభమని ఆ రోజు నిఘంటువును అటక మీద పడేశాను.

వానలు పడ్డాయి. వలిచిన పల్లికాయ చేలలోకి పోయింది. తర్వాతి ఎండాకాలానికి వాడు నాయినతో పాటు మంద వెంట నల్లమలకు పోవడం మొదలుపెట్టాడు. నేను చదువుకు నల్లగొండ వచ్చి, ఉద్యోగం కూడా ఇక్కడే చేసి ఇక్కడే ఉండిపోయాను. అవ్వ పోయింది. ఆ వాకిట్లో కూర్చున్న వాళ్లు ఒక్కొక్కరే పోయారు. తెలంగాణ వచ్చింది, జిల్లాలు విడిపోయాయి. పల్లికాయకు మిషన్లు వచ్చాక వలిచే పని లేదు కనుక అంతమంది ఒకచోట కూర్చోవలసిన అవసరం కూడా లేకుండా పోయింది.

మనవరాలి పుస్తకం రెండు పూటల్లో చదివేశాను. చివరికొచ్చేసరికి అసలు సంగతి తెలిసింది. రెండు లోకాల మధ్య తలుపు మూయడానికి ఎర్ర శాలువాయన తన ఒళ్లు అడ్డం పెడతాడు. చచ్చిపోతాడు. అనుమానం ఏమీ లేదు, శుభ్రంగా చచ్చిపోతాడు. బజ్జీ కాగితం మీది బొమ్మ అక్కడే ఉంది, దాని కింద ఆ మాటే రాసి ఉంది. ఆ వయసులో నేను చెప్పింది నిజం! ఒక మనిషి చచ్చిపోయాడని తెలిసి నేను సోఫాలో కూర్చుని నవ్వుకున్నాను. వెంటనే నవ్వు ఆగిపోయింది. ఎవరికి చెప్పాలి? వినవలసిన వాళ్లెవరూ లేరు, వాడు తప్ప.

మర్నాడు పొద్దున్నే పుస్తకం సంచిలో పెట్టుకుని దేవరకొండ బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు నిండా వాళ్లే. దారంతా నిలబడే పోయాను. మోకాళ్లు నొప్పులు పెట్టినా నాకు పట్టలేదు. వాడి మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ పోయాను.

అక్కడి నుంచి ఊళ్లోకి వెళ్లేసరికి వాడు తన స్లాబు ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, ముందు పళ్లు రెండు లేవు. దొడ్లో ఇంకా గొర్లున్నాయి. "ఏంరా, గిన్నొద్దులకు యాదికొచ్చిన్నా?" అని లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. లోపలికి చూసి చాయ్ పెట్టమని కేక వేశాడు. నేను కూర్చోకముందే పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను.

"ఇగో చూడు. సచ్చిపోయిండు."

"ఎవలురా?" అన్నాడు కంగారుగా.

"ఎర్ర శాలువాయన."

"మనూరోడేనా?"

నేను వాడి కళ్లలోకి చూశాను. ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు. వేపచెట్టు చెప్పాను, పల్లికాయ చెప్పాను, రేకు డబ్బా చెప్పాను. పల్లికాయ గుర్తుందన్నాడు. మిగతాది లేదు. నేను ఇన్నేళ్లు లోపల మోసుకు తిరిగినదాన్ని వాడు ఆ ఎండాకాలమే ఎక్కడో దులిపేసుకుని మంద వెంట పోయాడు.

"ఏం కథరా గది? జర చెప్పు" అన్నాడు. వాడి మనవలు, మనవరాళ్లు ఫోన్లు పక్కన పెట్టి బొమ్మల కోసం చుట్టూ చేరారు. సరే, ఇప్పుడైనా సరిగ్గా చెబుదామని మొదలుపెట్టాను. ఇది మన భూమి కాదు, మన భూమిలాంటివే ఇంకో రెండు భూములు.

చిన్న పిల్ల ఒకతె బొమ్మ మీద వేలు పెట్టింది. "తాతా, గీయన గామెకు ఏమైతడు?"

ఏమీ కాడు అనడానికే నోరు తెరిచాను. "మ్యానబావ" అని వచ్చింది.

ఆ తర్వాత నా వశంలో లేదు. పొగమ్మ అక్క పెండ్లి, నోటిమాట, మధ్యవర్తి, అంతా వాడు చెప్పినట్టే వచ్చేసింది. వాడి విరుపులు, వాడు ఆగే చోట్లు కూడా వచ్చాయి. వరసల్లో ఒక్క తప్పు దొర్లలేదు. వాడు ఊ కొడుతున్నాడు. పూనకం దగ్గర ముందుకు వంగాడు. పొగమ్మ బరిణె పట్టుకుని పోయే చోట వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మస్తు చెప్తవురా" అన్నాడు తువ్వాలతో మొహం తుడుచుకుని. "చిన్నప్పుడు గూడ గిట్లనే చెప్తుంటివి. మీ అవ్వ వాకిట్ల మేమంత కూసొని ఇంటుంటిమి గదా. నీకు సదువొస్తుండె, మాకేడిది?"

"కాదురా, చెప్పింది నువ్వు" అని అనాలి. అనకుండా పుస్తకం మూశాను. మస్తు చెప్తవన్న మాట అవ్వ నోటి నుంచి ఒక్కసారి వింటే చాలని నేను పడిన ఏడుపు ఆ దేవుడికి తెలుసు. ఇప్పుడు వాడు తనదంతా తీసి నాకు ఇచ్చేశాడు, ఇచ్చినట్టు కూడా తెలియకుండా. నాకు సిగ్గేసింది. దానికన్నా ముందు, చెప్పక తప్పదు, ఇంకాస్త మండింది. ఇంత సులువుగా ఎలా ఇచ్చేస్తాడు?

"ఇంకోటి చెప్పు తాతా" అంది ఆ చిన్నపిల్ల నా మోకాలు పట్టుకుని.

నా దగ్గర ఇంకోటి లేదు. ఉన్నది అదొక్కటే, అదీ నాది కాదు.

"నాకు రాదు బిడ్డా" అన్నాను. "మీ తాతను అడుగు. మాకందరికి చెప్పింది మీ తాతనే."

"నేనా? నాకేమొస్తదిరా!" అని వాడు పళ్లు లేని నోటితో నవ్వాడు. పిల్లలు వదల్లేదు. నా చేతిలోంచి పుస్తకం లాక్కుపోయి వాడి ఒళ్లో పెట్టారు. వాడు కళ్లద్దాలు సర్దుకుని ఏదో ఒక పేజీ తెరిచి, ఊరికే దానివైపు చూస్తున్నాడు. పిల్లలంతా అటు తిరిగారు. నావైపు ఒక్కరూ చూడలేదు. నా కడుపులో మంట అలాగే ఉంది. వచ్చిన చాయ్ తాగేసి బస్సుకు లేద్దామనుకున్నాను. కానీ జరిగి, వాడి మాట బాగా వినబడే చోట కూర్చున్నాను.